సముద్రానికి ఇప్పపువ్వు

మణుగూరు నుంచి సముద్రం ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పలేను, బస్సుల్లో చెప్పగలను. మూడు బస్సులు, ఒక షేర్ ఆటో. ఆ మూడు బస్సుల్లోనూ నా ఒళ్లో ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ ఉంది. పై గిన్నెలో ఇప్పపువ్వూ తవుడూ కలిపి దంచిన ముద్ద. మధ్య గిన్నెలో తడిమట్టి, అందులో వానపాములు. కింది గిన్నెలో మోదుగాకులో చుట్టిన ఎర్రచీమల గుడ్లు. ఖమ్మం దాటాక పక్క సీటాయన నా వైపు ఒంగి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏం తీస్కపోతున్నవ్ తమ్మీ? మంచి వాసనొస్తుంది."

"మా అక్క కోసం."

"అమ్మ చేసిందా?"

"అవ్, అమ్మే."

ఆయన కిటికీ వైపు తిరిగి నిట్టూర్చాడు. వాళ్లమ్మ గుర్తొచ్చినట్టుంది. అది చేపలకు వేసే ఎర అని చెప్పి ఆయన మనసు పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. నేను అబద్ధం కూడా ఆడలేదు. దంచింది అమ్మే.

అక్కకు అప్పుడు మూడో నెల. వేవిళ్లు అందరికీ ఉండేవే కదా అని మొదట్లో ఇంట్లో నవ్వుకున్నాం. మూడు వారాలు గడిచేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. అన్నం సంగతి అటుంచి మంచినీళ్లు కూడా ఆమె కడుపులో నిలవడం లేదు. రోజు విడిచి రోజు సెలైన్ ఎక్కిస్తున్నారు. సూది గుచ్చడానికి నరం దొరకక నర్సు ఈ చెయ్యి, ఆ చెయ్యి మారుస్తోందట. శుక్రవారం దాకా చూద్దాం, అప్పటికీ ఏదో ఒకటి తిని నిలుపుకోకపోతే పెద్ద దవాఖానాలో చేర్చాల్సిందే అంది డాక్టరమ్మ. ప్రయాణాలు అసలే వద్దంది. అంటే మా దగ్గరికి తెచ్చుకునే దారి లేదు.

పోయిన ఏడాది కూడా మూడో నెలలోనే అక్క ఆ పెద్ద దవాఖానాకు వెళ్లింది. ఒక్కతే తిరిగి వచ్చింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేను దేని మీదైనా జోకు వేస్తాను, చావు ఇంట్లో కూడా వేసి తన్నులు తిన్నవాణ్ని. దీని మీద మాత్రం నాకు ఇప్పటిదాకా ఏదీ దొరకలేదు.

మంగళవారం నాడు అక్కే ఫోన్ చేసింది. గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంది.

"తమ్మీ, మనం గోదావరి ఒడ్డున చేపలు కాల్చుకునేటోళ్లం చూడు, ఆకుల చుట్టి, నూనె లేకుండ. గదైతే తింటనేమో అనిపిస్తుంది."

"దానికేముంది, నేనొచ్చి కాలుస్త. బావను చేప తెమ్మను."

"కొన్నది వద్దురా. అంత ఐసు వాసన. మీ బావ కూడ గదే వాసన. నీళ్లల్ల నుంచి తీసి సీదా నిప్పుల మీద పెట్టింది గావాలె."

"అంటే నేనే పట్టాలె."

"మరి మీ బావ పడతడా?"

మా బావ ఆంధ్రా సరిహద్దున ఉన్న వేంసూరు మనిషి. చీరాల దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్. రోజూ టన్నుల కొద్దీ చేపల మధ్య తిరుగుతాడు గానీ, ప్రాణంతో ఉన్న చేపను చూస్తే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు.

అమ్మ వచ్చేదే. కానీ ఇప్పపువ్వు ఏరబోయి అడవిలో రాయి మీద జారి కాలు మెలిపెట్టుకుంది. మోకాలి దాకా కట్టు. అందుకని అమ్మ మంచం మీద కూర్చుని దంచింది, నేను బయల్దేరాను. ఎర ఏది తీసుకుపోవాలన్న దాని మీద మాత్రం ఇద్దరం పొద్దంతా వాదించుకున్నాం. నేను సముద్రాన్ని ఫోన్‌లో తప్ప చూసింది లేదు. అమ్మ ఫోన్‌లో కూడా చూడలేదు. ఇద్దరికీ గట్టి అభిప్రాయాలున్నాయి.

"సముద్రం చేపలకు గిది నచ్చుతదంటవా?" అన్నాను ముద్దను చూసి.

"చేప చేపే గదరా. గోదారి పోయి కలిసేది గాడనే. పాపం వాటికి ఇప్పపువ్వు ఎన్నడు దొరికింది? ఎగబడి తింటయ్."

అప్పుడు ఈ మాట నాకు చాలా సబబుగా తోచింది. అయినా గుండెల్లో ఏదో గుబులుండి వానపాములు తవ్వాను. గుబులు ఇంకా తగ్గక, మామిడి చెట్టెక్కి ఒళ్లంతా కుట్టించుకుని చీమల గుడ్లు దింపాను. ఇసుక లారీ నడిపే ఉద్యోగానికి మూడు రోజులు సెలవు చెప్పాను. ఎందుకని అడిగితే చేపలు పట్టడానికని నిజమే చెప్పాను. మా సూపర్‌వైజర్ నవ్వలేదు.

బుధవారం సాయంత్రం దిగేసరికి బావ స్టాండు దగ్గర ఉన్నాడు. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఇంటి గుమ్మం రాగానే తను బయటే ఆగిపోయాడు. రోజుకు మూడుసార్లు నిమ్మకాయ సబ్బుతో స్నానం చేస్తున్నాడట. అయినా అక్క ముక్కు ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు. ఇరవై రోజులుగా వరండాలో పడక. వాళ్లమ్మ, అంటే మాకు అత్తమ్మ, పొయ్యి పక్కింటి పెరట్లో పెట్టుకుంది. తాళింపు వాసన రాకూడదని అక్కడ వండి, అక్కడే తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని ఇంట్లోకి వస్తోంది. ఆ ఇంట్లో అందరూ దొంగతనంగా తింటున్నారు.

అక్క మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. గాజులు మణికట్టు దగ్గర ఆగడం లేదు, చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. మెడ కింద ఎముకలు రెండు కనిపిస్తున్నాయి. నేను ఏదో ఒకటి అనాలి. అనకపోతే ఏడుస్తానేమోనని భయం.

"ఏందే, సినిమాల్లకు పోతున్నవా? గింత డైటింగ్ ఎందుకు?"

అక్క నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూమ్ వైపు పరుగెత్తింది. నా జోకులు విని మొహం తిప్పుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంత దూరం ఎవరూ వెళ్లలేదు.

గురువారం తెల్లవారగానే వెదురు గాలం భుజాన వేసుకుని, క్యారియర్ పట్టుకుని బయల్దేరాను. మా వైపు ఒక పద్ధతి ఉంది. గాలం పట్టుకుని పోయేవాణ్ని ఎక్కడికని ఎవరూ అడగరు. అడిగితే ఆ పూట చేప పడదు. ఇంటికి తిరిగొచ్చి, గ్లాసెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఈ ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. వీధి చివర పాల ఆయన అడిగాడు. వెనక్కి వచ్చి నీళ్లు తాగాను. చేతిపంపు దగ్గర ఒకావిడ అడిగింది. వెనక్కి వచ్చి నీళ్లు తాగాను. అత్తమ్మ అనుమానంగా చూసింది.

"ఏమిటయ్యా, నీకూ కడుపులో బాగాలేదా?"

మూడోసారి అడిగింది కానిస్టేబులు. అప్పటికి కడుపు నిండా నీళ్లున్నాయి. ఈ పద్ధతి మా జిల్లా దాటితే వర్తించదని నాకు నేనే తీర్పు చెప్పుకుని ముందుకు నడిచాను. కానీ మనసులో ఒక ముల్లు దిగింది. ఈ ఒక్క రోజే ఉంది. రేపు శుక్రవారం.

సముద్రం చూడగానే అందరూ అబ్బా అంటారట. నాకు మొదట కలిగింది చిరాకు. గోదావరికి అవతలి ఒడ్డుంటుంది, నీళ్లు ఒక వైపుకే పోతాయి, చేప ఎక్కడుంటుందో లెక్క కట్టొచ్చు. ఇది అటు పోతుంది, ఇటు వస్తుంది, ఎక్కడా ఆగదు. ఇంత నీళ్లలో నాకు కావాల్సింది ఒక్క చేప. అది ఏ దిక్కున ఉందో అడగడానికి కూడా మనిషి లేడు.

ఇంటి దగ్గర చేసినట్టే ముద్దలోంచి చిటికెడు తీసి ముందు నీళ్లలో వేశాను. సముద్రం తల్లీ, నీ పిల్లల్లో ఒకరిని అడగడానికి వచ్చాను అని మనసులో అనుకున్నాను. తర్వాత గాలానికి ఉసిరికాయంత ముద్ద పెట్టి విసిరాను. గోదావరిలో ఆ ముద్ద పావుగంట నిలుస్తుంది. ఇక్కడ మొదటి అలకే పాలు పోసినట్టు తెల్లగా కరిగిపోయింది. తాడుకు కట్టిన తేలే బెండు నేను లాగకముందే ఒడ్డుకు వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. మళ్లీ విసిరాను, మళ్లీ వచ్చింది. పెంపుడు కుక్క కూడా అంత విశ్వాసంగా ఉండదు.

వానపామును గుచ్చాను. గిన్నెలో మెలికలు తిరుగుతున్నది కాస్తా ఉప్పునీళ్లు తగలగానే చచ్చి, తెల్లబడి, ఉడికిన సేమియాలా వేలాడింది. చీమల గుడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి నీళ్ల మీద తేలుతూ ఒడ్డుకొస్తే పీతలు బారులు తీరి తిన్నాయి. ఒళ్లంతా కుట్టించుకుని తెచ్చిన గుడ్లు. పీతలు వేళ్లు నాకలేదు, అంతే తేడా.

ఎనిమిదింటికి బావ డ్యూటీ మధ్యలో వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఫ్యాక్టరీలో ఎవరినో అడిగి రొయ్యలు తెచ్చాడు.

"బామ్మర్దీ, ఇక్కడ అందరూ రొయ్యే పెడతారంట. తియ్యి ఆ పిండివంటలు."

బరువు కోసం సీసం గుండు కూడా తెచ్చాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. సబ్బుతో రుద్ది రుద్ది మెడ ఎర్రబడి ఉంది. బెండు తీసేసి, గుండు కట్టి, రొయ్య గుచ్చి విసిరాను. ఈసారి తాడు నిలిచింది. లాగుతోంది కూడా! బావ ఎగిరి గంతేశాడు. తీసి చూస్తే ఖాళీ గాలం. మళ్లీ పెట్టాను. లాగింది, ఖాళీ. ఐసులో మూడు రోజులున్న రొయ్య నీళ్లలో మెత్తబడి, తాకితే చాలు ఊడిపోతోంది. పది రొయ్యలు అలాగే పోయాయి. సముద్రంలో ఎవరి పెళ్లో జరుగుతున్నట్టుంది, నేను భోజనాలు పంపుతున్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. అత్తమ్మ.

"రెండు చెంచాల బార్లీ నీళ్లు తాగింది నాయనా. ఐదు నిమిషాలున్నాయి. మళ్లీ వచ్చేశాయి. ఏమన్నా పడిందా?"

"పడతది అత్తమ్మా."

బావ నా మొహం చూసి సంచి నా ముందు బోర్లించాడు. మూడు నాలుగు రొయ్యలు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని గుచ్చి విసిరాను. ఈసారి లాగింది, బరువుగా వచ్చింది. చేప! మచ్చల చేప, చెయ్యంత పొడుగు. ఒడ్డు మీద పడగానే కీచుమంటూ గాలి పీల్చుకుని పొట్ట బంతిలా ఉబ్బించింది. గోదావరిలో అట్లాంటిది నేను చూడలేదు. అయితేనేం, చేపే. "బావా, బొగ్గులు అంటించమని ఫోన్ చెయ్!" అని అరిచాను.

"ఒరేయ్! పారెయ్ దాన్ని!"

వెనక ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ముసలావిడ ఒకామె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొస్తోంది. వచ్చీ రాగానే కాలితో ఆ చేపను నీళ్లలోకి తన్నింది.

"ఏందవ్వా, పొద్దుగాల నుంచి పట్టిన చేప!"

"అది విషం చేపరా పిచ్చోడా. ఎవరికి పెడదామని?"

"మా అక్కకు. వాంతులు ఆగుతలేవు."

"అది తింటే ఆగుతాయిలే. వాంతులూ ఆగుతాయి, అన్నీ ఆగుతాయి."

నాకు మామూలుగా ఎవరి జోకైనా నచ్చితే పళ్లికిలించి నవ్వుతాను. అప్పుడు మాత్రం ఇసుకలో కూలబడిపోయాను. ఇంకో అరగంట ఉంటే ఆ చేపను ఆకులో చుట్టి, ముళ్లు తీసి, నా చేత్తో అక్క నోట్లో పెట్టేవాణ్ని. బావ అయితే సముద్రానికి వీపు పెట్టి నిలబడి మాటిమాటికీ మొహం తుడుచుకుంటున్నాడు.

ముసలావిడ నా పక్కన కూర్చుని క్యారియర్ మూత తీసింది.

"ఇదేంటి?"

"ఇప్పపువ్వు."

"సారా కాస్తారే, అదా? చేపలకి తాగించి పడదామనుకున్నావా?"

"మా దిక్కు దాంతోనే పడతయ్ అవ్వా."

"ఏ దిక్కు మీది?"

భద్రాచలం అడవి అని చెప్పాను. అక్క సంగతంతా చెప్పాను. పోయిన ఏడాది సంగతి కూడా చెప్పాను. మా ఇంట్లో ఎవరితోనూ అనని మాట, పేరు తెలియని మనిషితో ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆమె అయ్యో పాపం అనలేదు. "చేప దొరకడం కాదురా నీకు కావలసింది. ఏ చేప దొరుకుతుందనేదే నీ బాధ" అంది.

"అంటే?"

"కవళ్లని నూనె చేపలుంటాయి, అవి కోసి పెడితే జెల్ల పడుతుంది. నూనె వాసనకి పరుగెత్తుకొస్తుంది. కానీ దాని ఒళ్లంతా జిగురు, నీచు వాసన. వాంతులయ్యే పిల్ల దగ్గరికి తీసుకెళ్తే వీధి చివరే కక్కుతుంది. రొయ్య పెడితే ఇదిగో, నీకు పడిందే, ఆ దరిద్రం ముందు వస్తుంది. తెల్లటి చేప ఒకటుంటుంది. ఇసుకని ఆనుకుని తిరుగుతుంది. నీచు ఉండదు. అది ఏం తింటుందో అదే పెట్టాలి."

ఆ చేప పేరు కూడా చెప్పింది. కెరటాల హోరులో పేరు నాకు అందలేదు. మళ్లీ అడిగితే ఇంకో తిట్టు పడుతుందని అడగలేదు.

నన్ను లేపి నీళ్ల అంచుకు తీసుకుపోయింది. అల వెనక్కి పోతున్నప్పుడు ఇసుక మీద చిన్న చిన్న కోణాల్లా గీతలు పడతాయి, చూడమంది. నాకు అంతా ఒకటే ఇసుక. "కళ్లున్నాయా?" అంది. తనే ఒంగి ఒక గీత వెనక చెయ్యి గుచ్చి పిడికెడు ఇసుక ఎత్తింది. అందులో చింతపిక్కంత జీవి ఒకటి, వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ. పీతలాంటిదే కానీ గిచ్చదు.

"ఇది. బతికున్నదే పెట్టాలి. వీపు మీద గుచ్చకు, కింద నుంచి గుచ్చి దారంతో రెండు చుట్లు కట్టు. అప్పుడు ఊడదు. రెండో అలకి అవతల నీళ్లు నల్లగా కనబడతాయి చూడు, అక్కడ పడాలి."

"ఇప్పుడే ఎయ్యనా?"

"ఇప్పుడు పాటు. నీళ్లు వెనక్కి పోతున్నాయి. నాలుగింటికి పోటు ఎక్కుతుంది, అప్పుడు అది కూడా ఒడ్డుకు తిండికొస్తుంది. అప్పటిదాకా పట్టుకో వీటిని."

అప్పటికి పది అయింది. ఆరు గంటలు. ఆ ఆరు గంటలు నేను నాలుగు కాళ్ల మీద ఇసుకలో తిరిగాను. గీతలు కనబడడం మొదలయ్యాక ఇక కళ్లు మూసినా గీతలే. వానపాముల గిన్నె కడిగి, సముద్రపు నీళ్లూ ఇసుకా పోసి ఆ జీవాలను అందులో వేశాను. అవి ఎండకు చస్తాయేమోనని తువ్వాలు తడిపి కప్పాను. పది నిమిషాలకోసారి తీసి, కదులుతున్నాయా అని వేలుతో పొడిచాను. ఒకటి చస్తే నాకు చెమట పట్టింది. ఒక మనిషి ఇసుక పీతల ఆరోగ్యం గురించి ఇంత కంగారు పడడం ఆ ఊరు చూసి ఉండదు. మధ్యలో అమ్మ ఫోన్ చేసి, "ముద్ద సరిపోయిందా కొడకా, ఇంకింత దంచి పంపాల్నా?" అని అడిగింది. సరిపోయిందని చెప్పాను.

నాలుగుంపావుకు ముసలావిడ దూరం నుంచి చెయ్యి ఊపింది. బావ కూడా వచ్చాడు. వెదురు కర్ర పక్కన పడేసి, గుండు కట్టిన తాడును తలమీద గుండ్రంగా తిప్పి చేత్తోనే విసిరాను. మొదటిది అలకు ఇవతలే పడింది. రెండోది బావ టోపీ ఎగరగొట్టింది. మూడోది నల్లటి నీళ్లలో పడింది. తాడు చూపుడు వేలి మీద పెట్టుకుని నిలబడ్డాను. అల వచ్చినప్పుడల్లా తాడు బిగుస్తుంది.

అరగంటకు ఒకటి గట్టిగా గుంజింది. లాగాను. మీసాలు కనబడ్డాయి. జెల్ల. ముసలావిడ చెప్పిన పీతనే పెట్టాను, అయినా వచ్చింది. దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

బావ దాన్ని చూసి సంతోషంతో దాదాపు ఏడ్చినంత పని చేశాడు. "బాగుంది కదా బామ్మర్దీ! పెద్దది. పోదాం పద. పొద్దు పోతోంది."

"ఇది వద్దు బావా."

"చేప కాదా ఇది? ఇంకోటి పడకపోతే?"

ఆ ప్రశ్న నేనే నన్ను అడుగుతున్నాను. పడకపోతే రేపు పొద్దున ఆ దవాఖానా, ఆ మెట్లు, ఆ వార్డు. చేతిలో ఉన్నదాన్ని తీసుకుపోతే కనీసం పట్టుకొచ్చానని చెప్పుకోవచ్చు. అక్క ముందు పెట్టాక ఆ వాసనకు ఆమె మొహం ఎలా అవుతుందో కూడా నాకు కనబడుతోంది. ఆ ఒక్క కోరికా విరిగిపోతే ఇంకే తిండి మీదకీ ఆమె మనసు పోదు. జెల్లను విప్పి ముసలావిడ గంపలో వేసి వచ్చాను. బావ నాతో మాట్లాడడం మానేశాడు.

గిన్నెలో ఇంకా తొమ్మిది పీతలున్నాయి. తర్వాత ఆరు. తర్వాత మూడు. పొద్దు ఇళ్ల మీదికి దిగింది. నేను జోకులు వేయడం ఎప్పుడో ఆపేశానని, బావ చాలాసేపటి నుంచి నా మొహమే చూస్తున్నాడని అప్పుడు తెలిసింది.

ఆ మూడింటిలో రెండోదానికి పడింది. గుంజలేదు, టిక్ టిక్ అని రెండుసార్లు తట్టింది, ఎవరో తలుపు కొట్టినట్టు. ఊపిరి బిగబట్టి మూడోసారికి లాగాను. ఇసుక మీదికి వెండి రంగులో జానెడు చేప, పొడుగ్గా, సన్నగా, తెల్లగా. నేను ముసలావిడ వైపు ఎత్తి చూపించాను. ఆమె అంత దూరం నుంచే తల ఊపి, పొమ్మని చేత్తో సైగ చేసింది.

మేమిద్దరం ఆ వీధిలో ఎలా పరుగెత్తామో ఆ ఊరివాళ్లు ఇంకా చెప్పుకుంటూ ఉండొచ్చు. ఈసారి ఎవరూ ఎక్కడికని అడగలేదు.

ఇంటి వెనక పెరట్లో అత్తమ్మ కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు సిద్ధంగా ఉంచింది. చేపను కడిగి, ఉప్పు రాసి, అరటాకులో చుట్టి నిప్పుల మీద పెట్టాను. అప్పుడు గాలి మళ్లింది. పొగ నేరుగా అక్క కిటికీ వైపు. అత్తమ్మ చీర కొంగుతో, బావ చాపతో ఆ పొగను గోడ అవతలికి తోలారు. పక్కింటివాళ్లు తలుపేసుకున్నారు.

అక్క వెనక గుమ్మం దాకా తనంతట తనే నడిచొచ్చింది. గడప మీద కూర్చుంది. నేను ఆకు విప్పాను. తెల్లటి కండ, పొర పొరగా. ముళ్లు తీసి వేలెడంత ముక్క ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంది. మేం ముగ్గురం కదల్లేదు. నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"అట్ల సూడకుర్రి. భయమైతుంది," అంది.

అందరం ఒకేసారి గోడ వైపు తిరిగాం. ఇంకో ముక్క అడిగింది. ఇంకోటి. మూడు ముక్కలు తిని, చాలని, వెళ్లి పడుకుంది. అత్తమ్మ ఎదురుగా గోడ గడియారం కింద కూర్చుంది, నేను పక్కన, బావ వరండా గుమ్మం బయట. ఐదు నిమిషాలయ్యాయి. పది. బాత్రూమ్ తలుపు తెరిచే ఉంచాం, దారిలో బకెట్ అడ్డం తీశాం. పావుగంటకు అక్క అటు తిరిగింది. ముగ్గురం లేచాం. అటు తిరిగి పడుకుంది, అంతే. అరగంట. నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి.

బావ వరండాలో చతికిలబడ్డాడు. నేను పెరట్లో నిప్పుల పక్కన కూర్చున్నాను. ఆకులో చేప సగానికి పైగా ఉంది. పొద్దుటి నుంచి నేను తిన్నది రెండు గ్లాసుల నీళ్లు. కంగారు పడుతున్నప్పుడు నా చేతులు నా మాట వినవు. తోక దగ్గర చిన్న ముక్క తీసుకున్నాను. లోపలి నుంచి ఏమైనా చప్పుడు వస్తుందా అని చెవి అటే ఉంది. ఇంకో ముక్క. తలకాయ. చూసుకునేసరికి ఆకులో వెన్నుముల్లు ఉంది.

ఎనిమిది కొట్టేసరికి అక్క లేచింది. గుమ్మంలో నిలబడి, జుట్టు ముడివేసుకుంటూ అడిగింది.

"మిగిలింది ఏదిరా? ఆకలైతుంది."

బావ వరండా లోంచి తొంగిచూసి నా వైపు చూపించాడు. అంత సాయం ఆయన్ని నేను అడగలేదు.

"తిన్నవా?" అంది అక్క.

"కొంచెం."

"కొంచెమా? ముల్లు నాకి పెట్టినవ్ గదరా! సిగ్గుండాలె! మూడు వారాలకు నాకు ఒక్క ముద్ద నోటికి రుచయితే, కూసోని మొత్తం మింగినవా? చిన్నప్పుడు కూడ గంతే, నాకని అమ్మ దాచిన బెల్లం తింటివి, జాతరకు కొన్న జామకాయలు తింటివి, ఇప్పుడు నా కడుపుల పిల్ల నోటికాడిది కూడ..."

అక్కడ ఆగకుండా ఇంకా చాలా చెప్పింది. మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, గోడ పట్టుకోలేదు. గొంతు ఆ గది దాటి, పెరడు దాటి వీధిలోకి వినబడుతోంది. అత్తమ్మ నిప్పుల వైపు తిరిగి కొంగు మొహానికి ఒత్తుకుంది. బావ మెల్లగా వరండా లోంచి గదిలోకి ఒక అడుగు వేశాడు. అక్క ఆయన్ని గమనించనే లేదు, నన్ను తిట్టే పనిలో ఉంది.

నేను తలొంచుకుని అంతా విన్నాను. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాను.

ఉన్నాయంది. నేను చెప్పులు వేసుకుంటూ మిగతావి విని, పొద్దున పోటు ఎన్నింటికో కనుక్కోవడానికి ముసలావిడ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాను.